ఉబ్బసమంటే ఏ ఉబ్బసం?

ఈ శీర్షికలో ఇదివరకు మధుమేహాన్ని గురించి, రక్తపుపోటును గురించి వ్రాశాము. ఆ రెండు రోగాలకూ ఇప్పుడు మన ఇండ్లలో తగిన మర్యాదే జరుగుతున్నది. మామగారి చక్కెర పరగడుపున ఎంత, భోజనమైన తరువాత ఎంత అని కోడలు తడుముకోకుండా చెప్పగలదు. అదే ఇంట్లో పదేళ్ళుగా దగ్గుతూ, నాలుగు మెట్లెక్కి గోడ పట్టుకొని నిలబడిపోయే అత్తగారి ఊపిరి ఎంత అని అడిగితే మాత్రం ఎవరూ చెప్పలేరు. ఊపిరికి కూడా ఒక కొలత ఉన్నదన్న సంగతే చాలామందికి తెలియదు.

దీనికి మన భాష కూడా కొంత కారణమేమో అనిపిస్తుంది. మనవాళ్ళు ఉబ్బసమంటారు, ఆయాసమంటారు. కొందరు గస అంటారు, కొందరు దమ్ము అంటారు. చుట్టుపక్కల భాషలలోనూ ఇదే వరుస. కన్నడంలో ఉబ్బస, మరాఠీలో దమా. ఈ మాటలన్నీ రోగి పడే బాధను చెప్పుతాయే గాని రోగం పేరు చెప్పవు. గుండె బలహీనపడి ఊపిరాడనివారిదీ ఉబ్బసమే, రక్తహీనతతో రొప్పేవారిదీ ఉబ్బసమే. చిన్ననాటినుంచీ చలికాలంలో పిల్లికూతలు వచ్చి, మందుతో తగ్గిపోయే ఆస్త్మా కూడా ఉబ్బసమే. వీటన్నిటినీ మించి ఈనాడు మన పెద్దవాళ్ళను బాధిస్తున్నది మరొకటున్నది. అది సాధారణంగా నలభై దాటిన తరువాత మొదలవుతుంది. మొదట ఉదయంపూట దగ్గు, కొంచెం కళ్లె. అయిదారేళ్ళకు బజారుకు నడిచి వెళ్ళడం మానుకుంటారు. మరి కొన్నాళ్ళకు స్నానం చేసి బట్టలు కట్టుకునేసరికి కూర్చోవలసి వస్తుంది. ఇది ఆస్త్మావలె వచ్చి పోయేది కాదు. ఒకసారి బిగుసుకున్న ఊపిరిగొట్టాలు మళ్ళీ పూర్తిగా తెరుచుకోవు. డాక్టర్లు దీనిని సి.ఓ.పి.డి. అంటున్నారు.

మన దేశంలో 1990లో ఈ రోగులు 2 కోట్ల 81 లక్షలమంది ఉండగా 2016 నాటికి 5 కోట్ల 53 లక్షలైనారని అంచనా కట్టారు. జనాభా పెరిగింది, ఆయుర్దాయమూ పెరిగింది గనుక ఇందులో కొంత సహజమే. అయినా ఇది చిన్న సంఖ్య కాదు.

ఇది చుట్టలూ బీడీలూ తాగేవారి రోగమని ఒక నమ్మకం ఉన్నది. ఆ నమ్మకంవల్ల ఆడవాళ్ళకు అన్యాయం జరుగుతున్నది. జీవితంలో ఒక్కసారీ పొగ త్రాగనివారికి కూడా ఇది వస్తుందని నిపుణులు బాగా ఋజువు చేశారు. కట్టెలపొయ్యి ముందు, పిడకలపొయ్యి ముందు ముప్ఫై నలభై ఏండ్లు కూర్చున్న తల్లులు పీల్చిన పొగ ఊరకే పోలేదు. 2016లో ఉజ్జ్వలా పథకం వచ్చి గ్యాసుబండ ఇంటింటికీ చేరినా, అంతకుముందు పీల్చిన పొగ తాలూకు ఫలితం ఇప్పుడు బయటపడుతున్నది. మన ప్రవాసాంధ్రుల సంగతి ప్రత్యేకించి చెప్పుకోవలసి ఉన్నది. కోలారు బంగారు గనులు 2001లో మూతపడినవి గాని, అక్కడ రాతిధూళి పీల్చి పనిచేసినవారి ఊపిరితిత్తులలోనుంచి ఆ ధూళి పోలేదు. షోలాపురంలో మన పద్మశాలీ కుటుంబాలు మగ్గాలమీద, మిల్లులలో ప్రత్తిధూళి పీల్చినవి. ఆ ఇండ్ల ఆడవాళ్ళు బీడీలు చుట్టి సంసారాలు నడిపినారు. గంజాం, శ్రీకాకుళం తీరాలలో మన ఆడవాళ్ళు నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకొని త్రాగే అడ్డపొగ సంగతి చదువరులకు తెలిసినదే. అంగిట్లో పుండు కోసం డాక్టర్లు నోరు తెరిపించి చూస్తారు, మంచిదే. ఆ పొగ అంగిలితో ఆగిపోదు గదా! ఇవిగాక, వెనుక ఎప్పుడో క్షయ వచ్చి నయమైనవారిలో కొందరికి ఆ మచ్చలు మిగిలిపోయి ఇరవై ఏళ్ళ తరువాత ఆయాసం మొదలవుతున్నది.

సరే, ఇట్టివారు ఎక్కడికి వెళ్తున్నారు? ఊపిరితిత్తుల నిపుణుని దగ్గరికి కాదు, వీధి చివరి డాక్టరుగారి దగ్గరికే. 2011 ఫిబ్రవరి 1వ తేదీన పూనాలోని చెస్ట్ రీసెర్చ్ ఫౌండేషను ఒక వింత జనాభా లెక్క తీసింది. దేశంలోని 880 ఊళ్ళలో, 7,400 మంది డాక్టర్ల దగ్గరికి ఆ ఒక్కరోజున వచ్చిన రోగులను లెక్కిస్తే 2,04,912 మంది తేలారు. వారిలో సగం మందికి దగ్గో, ఆయాసమో, ఏదో ఒక శ్వాసబాధ ఉన్నది. ఇంత మందిని నిపుణులు ఎక్కడ చూడగలరు? నిపుణులున్నది పెద్ద పట్నాలలో. వారిని చూడాలంటే రైలు ఖర్చు, తోడు వెళ్ళే కొడుకు సెలవు, తెల్లవారుజాము వరుస. అంతా అయి చీటీ పుచ్చుకొని తిరిగి వస్తే, మూడునెలల తరువాత మళ్ళీ చూపించుకోవడానికి ఎవరూ వెళ్ళరు. ఆ చీటీలోని మందులు వీధి డాక్టరుగారికి కొత్త. ఆయన తనకు తెలిసిన సూదిమందు వేస్తారు, ఆ పూటకు ఉపశమనం కలుగుతుంది. ఇందులో ఆయన తప్పేమీ లేదు. ఆయనకు వెనుకనుంచి సాయం చేసేవారు లేరు, అంతే.

నిపుణుని రోగి దగ్గరికి తీసుకురాలేము. రోగిని నిపుణుని దగ్గరికి మాటిమాటికీ పంపలేము. నిపుణుని జ్ఞానాన్ని దగ్గరి డాక్టరుకు, అక్కడి నర్సుకు అందించడమొక్కటే మిగిలిన మార్గం. ఇది కలలోని మాట కాదు. ఇదే పని మన కళ్ళముందు, మనము స్థిరపడ్డ ఊళ్ళలోనే, మరొక రోగం విషయంలో జరిగింది.

క్షయరోగానికి ఒకనాడు శానటోరియం తప్ప గతి లేదని నమ్మేవారు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం, మద్రాసు దగ్గరి తాంబరం, ఈ పేర్లు మన పెద్దలకు ఎంత తెలిసినవో చెప్పనక్కరలేదు. మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి మంచం. 1956లో మద్రాసులో నెలకొల్పిన పరిశోధన కేంద్రంవారు కొందరు రోగులను శానటోరియంలో ఉంచి, కొందరిని వారి ఇరుకు ఇండ్లలోనే ఉంచి, ఇద్దరికీ అవే మందులిచ్చి చూశారు. ఇంట్లో ఉన్నవారికి కూడా దాదాపు అంత బాగానూ నయమైంది. తరువాత 1959లో బెంగుళూరులో జాతీయ క్షయ సంస్థ వచ్చింది. ఆ సంస్థవారు తుమకూరు జిల్లా గ్రామాలలో విచారించి 1963లో ప్రకటించిన సంగతి మాకు ఎప్పుడు చదివినా ఆశ్చర్యంగానే ఉంటుంది. క్షయ ఉన్న పల్లెవాసులలో సుమారు సగంమంది అప్పటికే సర్కారు ఆసుపత్రికి వెళ్ళి దగ్గుతున్నామని చెప్పుకున్నారట. వారి చేతికి దగ్గుమందు సీసా ఇచ్చి పంపించారు! రోగి అజ్ఞాని అని మనము అనుకుంటాము. రోగి తెలివిగానే సరియైన చోటికి వెళ్ళినాడు. ఆ చోట పరీక్ష లేదు.

అందుకు వారు చేసిన ఏర్పాటు కూడా చెప్పుకోదగ్గది. 1961లో మన అనంతపురం జిల్లాలో మొదటి నమూనా తయారైంది. ఊరి ఆసుపత్రిలో ఒక మైక్రోస్కోపు, కళ్లె పరీక్ష నేర్చిన ఒక మనిషి, మందుల జాబితా, జిల్లా కేంద్రంనుంచి మాటిమాటికీ వచ్చి పని చూసి తప్పులు దిద్దే ఒక బృందం. మరుసటి సంవత్సరం అది దేశమంతటి కార్యక్రమమైంది. అది లోపాలు లేకుండా నడిచిందని మేము చెప్పబోము. కాని దారి అదే.

ఆనాటి మైక్రోస్కోపు స్థానంలో ఈనాడు స్పైరోమీటరు ఉండాలి. ఇదేమీ కొత్త వింత కాదు; 1846లోనే లండనులో హచిన్‌సన్ అనే డాక్టరు దీనిని గురించి ప్రకటించాడు. గుండెల నిండా గాలి పీల్చి, పెదవులతో గొట్టం గట్టిగా పట్టుకొని, ఒక్కసారిగా బలంకొద్దీ ఊదాలి. ఊపిరి అంతా అయిపోయేదాకా, కనీసం ఆరు సెకండ్లు, ఊదుతూనే ఉండాలి. మొత్తం ఊదిన గాలిలో మొదటి సెకండులోనే ఎంత బయటికి వచ్చిందో యంత్రం చెప్పుతుంది. ఆరోగ్యవంతుడు నూటికి డెబ్బైపాళ్ళకు మించి ఊదుతాడు. గొట్టాలు బిగుసుకున్నవాడు ఊదలేడు. తరువాత సాల్బుటమాల్ మందు పీల్పించి, పావుగంట ఆగి మళ్ళీ ఊదిస్తారు. అప్పుడు కూడా డెబ్బైకి లోపే ఉంటే, రోగి చెప్పిన కథ కూడా దానితో సరిపోతే, సి.ఓ.పి.డి. అని నిర్ణయిస్తారు. మందు పీల్చగానే ఊపిరి బాగా తెరుచుకున్నవారిలో ఆస్త్మాను అనుమానిస్తారు. ఎక్స్‌రే క్షయను, గుండె వాపును చూపిస్తుంది గాని ఈ రోగాన్ని నిర్ణయించడానికి అది చాలదు. మన ఇండ్లలో ఎక్స్‌రేల కట్టలుంటాయి. ఊపిరి కాగితం ఒక్కటీ ఉండదు.

ఇక్కడే నిపుణుని సాయం కావలసి వస్తుంది. యంత్రం కొనడం సులభమే, ఊదించడం కష్టం. పెద్దవాళ్ళు సగంలో ఆపేస్తారు, దగ్గు వస్తుంది, పెదవుల పక్కనుంచి గాలి పోతుంది. యంత్రం మాత్రం ఏదో ఒక అంకె అచ్చువేసి ఇస్తుంది. ఆ గీత సరియైనదా కాదా అని అనుభవమున్న కన్ను చూడాలి. ఈ రోజులలో అందుకోసం రోగి కదలనక్కరలేదు, కాగితం కదిలితే చాలు. 2019 నవంబరులో ఈ-సంజీవని అనే సర్కారు ఏర్పాటు ఆరోగ్య కేంద్రాలలో మొదలైనప్పుడు అందరికంటె ముందు అమలుపరచింది ఆంధ్రప్రదేశ్. ఊరి కేంద్రంలోని సిబ్బంది రోగిని పక్కన కూర్చోబెట్టుకొని దూరాన ఉన్న డాక్టరుతో తెరమీద మాట్లాడుతారు. తరువాత తక్కిన రాష్ట్రాలూ చేరినవి. మన సభ్యులు ఉన్న ఊళ్ళలో దీనిని జలుబుకూ జ్వరానికీ వాడుకోవడమే గాని, పాత ఆయాసానికి నిపుణుని సలహా కావాలని అడగవచ్చునన్న ఊహ ఎందరికి వచ్చిందో!

నిపుణుడు ఒకసారి సలహా చెప్పితే సరిపోదు, దగ్గరివారికి పని నేర్పాలి. ఇందుకు మంచి ఉదాహరణ దక్షిణాఫ్రికాలో ఉన్నది. కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలోని ఊపిరితిత్తుల సంస్థవారు, డాక్టర్లు చాలని ఫ్రీస్టేట్ రాష్ట్రంలో నర్సులే నడిపే చిన్న ఆసుపత్రులకు శిక్షకులను పంపించారు. పెద్ద ఉపన్యాసాలు కాదు. పని జరుగుతున్న చోటికే వెళ్ళి, దగ్గుతో వచ్చిన మనిషిని ఏమడగాలి, ఏ గుర్తు కనబడితే ఎక్కడికి పంపాలి అని మెట్టుమెట్టుగా వ్రాసిన ఒక పుస్తకం పెట్టుకొని, కొద్దికొద్దిగా, మళ్ళీమళ్ళీ నేర్పినారు. 40 ఆసుపత్రులలో పరీక్షించి 2005లో ప్రకటించిన ఫలితం ఏమంటే, నేర్పిన చోట క్షయ ఎక్కువగా బయటపడింది, ఊపిరిగొట్టాల రోగులకు పీల్చే మందు ఎక్కువగా అందింది.

పీల్చే మందు అన్నాము గనుక ఆ సంగతి కొంచెం వివరంగా చెప్పవలసి ఉన్నది; మన ఇండ్లలో డబ్బు వృథా అయ్యేదీ, రోగి నష్టపోయేదీ ఇక్కడే. దీనిమీద మనవారికి రెండు భయాలు. అలవాటు పడిపోతుందని ఒకటి, ఇది ఆఖరి మందని రెండవది. రెండూ వట్టివే. మింగే మాత్ర వంటినిండా తిరిగి ఊపిరిగొట్టాలకు చేరాలి. పీల్చే మందు చాలా కొద్దిపాటి మోతాదులో నేరుగా అక్కడికే పోతుంది. అయితే అది పోయేటట్లు పీల్చాలి. ఎగజిమ్మే పంపు అయితే బాగా ఊపి, ఊపిరి వదిలి, పెదవులు బిగించి, నొక్కుతూనే మెల్లగా లోతుగా పీల్చి, పది లెక్కపెట్టేదాకా బిగపట్టాలి. పెద్దవాళ్ళకు ఈ చెయ్యీ ఊపిరీ కలవవు. అందుకని స్పేసరు అనే ప్లాస్టిక్కు డబ్బా అమర్చుకోవాలి. పొడిమందు పరికరమైతే పద్ధతి తలకిందులు: గట్టిగా, వేగంగా పీల్చాలి. పంపు మార్చి పొడి ఇచ్చినప్పుడు ఈ భేదం ఎవరూ చెప్పరు. పొడి ఉన్న గొట్టాన్ని మాత్ర అనుకొని మింగేవారు కూడా ఉంటారు. స్టెరాయిడు ఉన్న మందైతే పీల్చిన తరువాత నోరు పుక్కిలించాలి. ఇదంతా డాక్టరుగారి రెండు నిమిషాలలో తెమిలే పని కాదు, నర్సు కూర్చోబెట్టి చేయించి చూడవలసినది. వెళ్ళిన ప్రతిసారీ పంపు చేత పట్టుకుపోయి, "అమ్మా, నేను పీలుస్తాను, తప్పేమైనా ఉంటే చెప్పు" అని అడగడానికి మన పెద్దలు మొగమాటపడరాదు.

ఈ మందులు ఆయాసాన్ని తగ్గిస్తాయి, దగ్గు ముదరడాన్ని తగ్గిస్తాయి. కాని ఊపిరి క్షీణించే వేగాన్ని తగ్గించడంలో పొగ మానడాన్ని మించినది లేదు. రోజూ నడక, ఏటా ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా, ఇవన్నీ దగ్గరి డాక్టరుగారే చూడగలరు.

ఏడాదిలో ఒకటి రెండుసార్లు ఈ రోగం విజృంభిస్తుంది: కళ్లె పచ్చబడుతుంది, ఆయాసం రెట్టింపవుతుంది. అప్పుడు ఏం చేయాలో ముందే ఒక కాగితంమీద డాక్టరుగారి చేత వ్రాయించి ఉంచుకోవాలి. స్టెరాయిడు మాత్రలు అవసరమైతే అయిదు రోజులు చాలునని, పద్నాలుగు రోజులు వాడినా అంతకంటె లాభం లేదని 2013లో స్విట్జర్లాండువారు తేల్చారు. మన ఇండ్లలో ఒకసారి వ్రాసిన చీటీతో ఆ మాత్రలు నెలల తరబడి తెప్పించుకుంటున్నారు. ఎముకలు గుల్లబారుతాయి, చక్కెర పెరుగుతుంది. ఇది మానవలసిన అలవాటు. అయితే చాలాకాలం వాడుతున్నవారు మాత్రం ఉన్నట్టుండి తమంత తాము ఆపరాదు, డాక్టరుగారు చెప్పిన ప్రకారం తగ్గించుకోవాలి.

ప్రాణవాయువు సంగతి మరీ జాగ్రత్తగా తెలుసుకోవాలి. కోవిడు నాటినుంచి వేలికి తగిలించే ఆక్సీమీటరు చాలా ఇండ్లలో ఉన్నది. ఆ రోజులలో 95కు తగ్గితే కంగారుపడడం నేర్చుకున్నాము. సి.ఓ.పి.డి. ముదిరినవారికి ఆ లెక్క వర్తించదు. విజృంభించినప్పుడు వారికి ఆక్సిజను ఇస్తే 88కీ 92కీ మధ్య నిలపాలి. అంతకుమించి ధారాళంగా ఇస్తే లోపల బొగ్గుపులుసు వాయువు పేరుకొని మత్తు కమ్ముతుంది. టాస్మేనియాలో ఆంబులెన్సులలోనే ఈ పద్ధతి పరీక్షించి 2010లో ప్రకటించారు: కొలిచి ఇచ్చినవారిలో మరణాలు సగానికి పైగా తగ్గినవి. ఇంట్లో సిలిండరు పెట్టుకోవడం కూడా ఎవరికి వారు నిశ్చయించుకునే పని కాదు. నిలకడగా ఉన్నప్పుడు కూడా 88కి మించనివారికి, రక్తపరీక్షతో నిర్ధారించి, రోజుకు కనీసం 15 గంటలు ఇస్తేనే ఆయుష్షుకు మేలు. ఆయాసం వచ్చినప్పుడు పది నిమిషాలు పెట్టుకోవడంవల్ల ఆ లాభం రాదు.

అయితే నిపుణుని స్వయంగా చూడవలసినవారు లేరా? ఉన్నారు. కళ్లెలో నెత్తురు పడేవారు, బరువు తగ్గిపోతున్నవారు, కాళ్ళు వాచేవారు, నలభైకి ముందే ఆయాసం పట్టుకున్నవారు, ఏడాదిలో రెండుసార్లు ఆసుపత్రిలో చేరినవారు, గనులలో, రాతిపనిలో ఉండినవారు వెంటనే వెళ్ళాలి. నెత్తురు పడేవారు, రెండువారాలుగా గాని అంతకుమించి గాని దగ్గేవారు ముందుగా క్షయ పరీక్ష చేయించుకోవాలి.

మన సంఘాలు ఏటా ఉగాదికో, సంక్రాంతికో వైద్యశిబిరాలు జరుపుతున్నవి. అక్కడ స్పైరోమీటరు కూడా పెట్టించుదామని కొందరు ఉత్సాహపడవచ్చు. మా అభిప్రాయం వేరు. శిబిరంలో నూరుమంది హడావిడిగా ఊదిన నూరు కాగితాలు మరునాడు ఏ డాక్టరూ చూడడు. ఆ డబ్బుతో మన సభ్యులు రోజూ వెళ్ళే ఆసుపత్రికే ఒక యంత్రం కొని ఇచ్చి, అక్కడి నర్సును పెద్ద ఆసుపత్రికి శిక్షణకు పంపి, గీతలు చూసిపెట్టడానికి ఒక నిపుణుని ఒప్పించడం మేలు. మన సంఘాలలో తెలుగువారైన డాక్టర్లకు కొదువ లేదు. నెలకొక సాయంకాలం అడిగితే కాదనరు.

ఈ నెలలో డాక్టరుగారి దగ్గరికి వెళ్ళేవారు పాత ఎక్స్‌రేలు, వెనుకటి క్షయ చికిత్స చీటీలు, వాడుతున్న పంపులు, మిగిలిపోయిన మాత్రలు అన్నీ ఒక సంచిలో వేసుకొని వెళ్ళండి. ఏ పొయ్యి ముందు ఎన్నేళ్ళు, ఏ మిల్లులో ఎన్నేళ్ళు అన్నది కూడా ఒక చీటీమీద వ్రాసుకొని, అక్కడి భాషలో చెప్పగల మనుమడినో మనుమరాలినో తోడు తీసుకొని వెళ్ళండి. పరీక్ష అయిన తరువాత ఇంటి పెద్దల ఊపిరి కొలత, విజృంభించినప్పుడు ఆక్సిజను 88–92 అన్న మాట, రెండూ పెద్ద అక్షరాలతో వ్రాసి మందుల బీరువా తలుపు లోపల అతికించండి. రాత్రివేళ ఆంబులెన్సు వచ్చినప్పుడు దాన్ని ఊడదీసి వారి చేతికివ్వవచ్చు.